కళ్ళ కథ కాదు, ఖజానా కథ

చూపు లేని రాజకీయ నాయకుడి గురించి మన దగ్గర ఎవరు రాసినా ఒకే కథ రాస్తారు. ప్రమాదమో రోగమో కళ్ళు పోగొడుతుంది. లోకమంతా చీకటవుతుంది. అయినా ఆ మనిషి కుంగిపోడు. మనోబలంతో వైకల్యాన్ని జయించి చట్టసభలో అడుగుపెడతాడు. చివర్లో ‘అన్నీ ఉన్న మనం ఎందుకు సాధించలేం’ అని పాఠకుణ్ణి అడిగి వ్యాసం ముగిస్తారు. వికలాంగుల దినం డిసెంబరు 3 వచ్చిందంటే బడి వేదికల మీద, ఆదివారం సంచికల్లో, ఫోన్లలో తిరిగే సందేశాల్లో ఈ కథే వినపడుతుంది. చెప్పేవాళ్ళ మనసు మంచిదేనని నాకు తెలుసు. అయినా ఆ కథను నేను ఒప్పుకోలేను. అందులోని సంఘటనలు జరగలేదని నేననడం లేదు. ఆ కథ ఆ నాయకుడు చేసిన రాజకీయం చెప్పదు, అతని దారికి ఎవరు అడ్డం పడ్డారో చెప్పదు, ఎవరి ఆసరాతో పని జరిగిందో చెప్పదు. ఈ మూడూ తీసేశాక మిగిలేది కళ్ళు పోయిన సంగతి ఒక్కటే. ఒక మనిషి జీవితమంతా దానికి కుదించడం గౌరవం ఎలా అవుతుంది?

ఈ కథలో అచ్చంగా ఇమిడిపోయే జీవితం ఒకటుంది. దాన్నే తీసుకుని నా మాట నిరూపిస్తాను. ఆయన పేరు హెన్రీ ఫాసెట్. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో ఎంపీ. మన దేశం ఆయనకు పడ్డ బాకీ చిన్నది కాదు కాబట్టి కూడా ఆయన్నే ఎంచుకుంటున్నాను.

ఫాసెట్ 1833లో సాలిస్‌బరీ పట్టణంలో పుట్టారు. తండ్రి బట్టల వ్యాపారి, ఆ ఊరికి మేయరుగా కూడా చేశారు. కొడుకు కేంబ్రిడ్జిలో గణితం చదివి 1856 పరీక్షలో ఏడో స్థానంలో నిలిచాడు. ట్రినిటీ హాల్ కళాశాల ఫెలోగా తీసుకుంది. పార్లమెంటుకు వెళ్ళాలన్నది చిన్ననాటి కోరిక. 1858 సెప్టెంబరు 17న హార్నమ్ కొండ మీద తండ్రీకొడుకులు వేటకు వెళ్ళారు. తండ్రికి అప్పటికే ఒక కంట్లో శుక్లం మొదలైంది. ఎగిరిన కౌజుపిట్టకు గురిపెట్టి ఆయన తుపాకి పేల్చినప్పుడు కొడుకు ఎక్కడున్నదీ గమనించలేదు. సీసపు గుళ్ళు రెండు కళ్ళలోనూ దిగాయి. హెన్రీకి అప్పుడు 25 ఏళ్ళు. 1863లో కేంబ్రిడ్జిలో అర్థశాస్త్ర ఆచార్యుడయ్యారు, 1865లో బ్రైటన్ నుంచి ఎంపీ అయ్యారు, 1880లో పోస్ట్‌మాస్టర్ జనరల్ అయ్యారు. 1884 నవంబరు 6న, 51 ఏళ్ళ వయసులో, ఆ పదవిలో ఉండగానే చనిపోయారు.

కళ్ళు పోయిన పది నిమిషాల్లోనే, తన జీవితం ఇంతకు ముందులాగే సాగాలని ఆయన నిశ్చయించుకున్నారని చెబుతారు. ఆయన గురించి ఎవరు రాసినా ఈ పది నిమిషాలు రాయకుండా ఉండరు. కానీ ఆయన మిత్రుడు లెస్లీ స్టీఫెన్ 1885లో రాసిన జీవిత చరిత్రలోనే ఇంకో విషయం ఉంది. పైకి ధైర్యంగా కనిపించినా ఫాసెట్ ఆ రోజుల్లో లోలోపల నలిగిపోయారు. అప్పుడు కేంబ్రిడ్జిలో ఆయనకు గణితం చెప్పిన విలియం హాప్కిన్స్ ఒక ఉత్తరం రాశారు. కళ్ళతో పనిలేని చదువులు ఎన్నో ఉన్నాయి, వాటిలో దిగమని సలహా ఇచ్చారు. ఎవరో చదివి వినిపించిన ఆ ఉత్తరం ఆయన మనసును మళ్ళీ పనివైపు తిప్పింది. పది నిమిషాల నిశ్చయం పాఠ్యపుస్తకాలకు ఎక్కింది, గురువుగారి ఉత్తరం ఎక్కలేదు. ఒంటరి వీరుడు కావాల్సినవాళ్ళకు ఆ ఉత్తరం అడ్డం వస్తుంది మరి.

అడ్డం వచ్చేవి ఇంకా ఉన్నాయి. ఫాసెట్ కళ్ళు పోయేనాటికే దేశంలో అతి మంచిదనిపించుకున్న చదువు పూర్తయింది. ఫెలోషిప్ వల్ల జీతం, గది, స్నేహితుల గుంపు దొరికాయి. చదివి వినిపించడానికి, చెప్పింది రాయడానికి, వీధిలో చెయ్యి పట్టుకు నడవడానికి మనిషిని పెట్టుకోగలిగారు. 1867లో పెళ్ళాడిన మిలిసెంట్ గారెట్ ఆ మొదటి ఏళ్ళలో ఆయనకు పార్లమెంటు కాగితాలు చదివిపెట్టారు, ఉత్తరాలు రాసిపెట్టారు. తర్వాతి కాలంలో ఆమె ఇంగ్లండులో స్త్రీల ఓటు హక్కు ఉద్యమానికి నాయకురాలయ్యారు. ఆమె రాజకీయ శిక్షణలో పెద్ద భాగం భర్త కోసం ఆ కాగితాలు చదవడంలోనే జరిగిందని నేను నమ్ముతాను. ఇద్దరి పని కలగలిసిన కాపురమది. అందులోంచి ఒకరి సంకల్పాన్ని మాత్రమే వేరుచేసి పూజించడం ఆమెకు కూడా అన్యాయం.

ఇదంతా చెప్పి ఆయన పట్టుదలను చిన్నబుచ్చాలని నేననుకోవడం లేదు. గడ్డకట్టిన నీటి మీద స్కేటింగ్ చేశారు, గుర్రపు స్వారీ చేశారు, ఏవన్ నదిలో చేపలు పట్టారు. పట్టుదల లేనివాడికి ఇవి కుదరవు. కానీ పట్టుదల ఎంత ఉన్నా అచ్చు కాగితాన్ని చదవలేదు. ఇంకొకరి కళ్ళు కావాలి, లేదా ఆ కాగితం ఇంకో రూపంలో రావాలి. పట్టుదల ఫాసెట్‌ది, ఆసరా సమాజానిది. సంకల్పం కథ మొదటి సగం చెప్పి రెండో సగం దాచేస్తుంది. ఆ దాపరికం వల్ల నష్టపోయేది ఎవరు? ఫాసెట్‌కు ఉన్న ఆస్తీ చదువూ లేక, చదివిపెట్టే మనిషి లేక ఇంట్లో ఉండిపోయిన లక్షల మంది. వాళ్ళు ఎందుకు పైకి రాలేదంటే ఆ కథ దగ్గర ఒకటే జవాబుంది. వాళ్ళలో సంకల్పం చాలలేదట. ఇంతకంటే క్రూరమైన మాట ఇంకోటి ఉంటుందా?

ఇక ఆయన దారికి అడ్డం పడ్డవాళ్ళ సంగతి. ఫాసెట్ 1860లో లండన్ సదర్క్‌లో అభ్యర్థిగా ప్రచారం మొదలుపెట్టారు. జనం బాగానే వచ్చారు. చూపు లేనివాడు సభలో ఏం చేయగలడన్న అభ్యంతరం కూడా వచ్చింది. చివరికి బరిలోంచి తప్పుకున్నారు. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో ఓడారు. 1864లో బ్రైటన్‌లో ఓడారు. మరుసటి ఏడాది అక్కడే గెలిచారు. ఈ ఓటముల్ని మన కథకులు గెలుపుకు మెట్లంటారు. నేను వాటిని ఓటర్లూ పార్టీ పెద్దలూ ఆయన ముందు మూసిన తలుపులుగా చూస్తాను. కళ్ళు పోవడంతో ఆయన రాజకీయ జ్ఞానం తరగలేదు, ఆయన్ను చూసే ఎదుటివాళ్ళ తీరు మారింది. ఆ తీరును దాటడానికే ఆయన మామూలు అభ్యర్థి కంటే ఎక్కువ చెమటోడ్చాలి. ఈ అదనపు చెమట పొగడదగ్గ విషయమని నేననుకోను. అది ఆయన మీద ఎవరో మోపిన పన్ను.

ఆ పన్ను ఎంపీ అయ్యాక కూడా తప్పలేదు. 1880లో లిబరల్ పార్టీ గెలిచింది. గ్లాడ్‌స్టన్ ప్రధాని అయ్యారు. అప్పటికి ఫాసెట్ పదిహేనేళ్ళ అనుభవమున్న ఎంపీ, పేరున్న అర్థశాస్త్రవేత్త. ఆయనకు తపాలా శాఖ ఇచ్చారు, క్యాబినెట్‌లో చోటు మాత్రం ఇవ్వలేదు. చూపు లేకపోవడమే కారణమని ఆనాడే అనుకున్నారు. క్యాబినెట్ కాగితాలు రహస్యం, వాటిని ఇంకొకరు చదివి వినిపిస్తే రహస్యం ఎలా నిలుస్తుందన్నది వాదన. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. 1873లో ఐర్లండు విశ్వవిద్యాలయ బిల్లు మీద సొంత ప్రభుత్వాన్నే ఎదిరించిన లిబరల్ ఆయన. ఆ బిల్లు మూడే మూడు ఓట్లతో ఓడి గ్లాడ్‌స్టన్ పరువు తీసింది. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం ఏ ప్రధానికీ ఇష్టముండదు. చెప్పుకోవడానికి మాత్రం కళ్ళు లేని కారణం చేతికి అందుబాటులో ఉంది.

ఆ కాగితం అభ్యంతరంలో ఎంత బలముందో తెలుసుకోవడానికి 117 ఏళ్ళు పట్టింది. పుట్టుకతోనే చూపు లేని డేవిడ్ బ్లంకెట్ 1997లో బ్రిటిష్ క్యాబినెట్‌లో కూర్చున్నారు. మొదట విద్య, ఉపాధి శాఖ. 2001లో హోమ్ శాఖ, అంటే పోలీసూ గూఢచర్యమూ ఉన్న శాఖ. కాగితాలు కొన్ని బ్రెయిలీలో వచ్చాయి, కొన్నిటిని సిబ్బంది చదివి టేపుల్లో నింపి ఇచ్చారు. రహస్యం చదివినవాళ్ళు ప్రమాణానికి కట్టుబడ్డ ఉద్యోగులే. ఇలాంటి ఉద్యోగులు 1880లోనూ ఉన్నారు. క్యాబినెట్ కాగితాలకు చక్కగా నకళ్ళు రాసిన గుమస్తాలు ఆ రహస్యం చదవకుండా రాశారా? మంత్రి ముందు కాగితం చదివే గుమస్తాను మాత్రం ఎందుకు నమ్మలేకపోయారు? అడ్డు కళ్ళలో లేదు, ఏర్పాటు చేయడానికి ఇష్టపడని మనసులో ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఫాసెట్ పార్లమెంటులో ఏం మాట్లాడారో మన సంకల్పం కథల్లో ఒక్క ముక్క ఉండదు. ఆ మాటలు మన గురించి, మన తాతముత్తాతల డబ్బు గురించి.

1867లో టర్కీ సుల్తాను లండన్ వచ్చాడు. ఇండియా వ్యవహారాల కార్యాలయం ఆయనకు గొప్ప విందు నాట్యం ఏర్పాటు చేసింది. ఆ ఖర్చు ఇండియా ఖజానా మీద రాశారు. అంతకు ముందు ఏడాదే ఒరిస్సాను ఘోరమైన కరువు తుడిచిపెట్టింది, అది మన గంజాం దాకా పాకింది. ఆ జనం కట్టిన పన్నుతో లండన్‌లో సుల్తానుకు విందు. ఫాసెట్ లేచి ఇది నీచమైన పని అన్నారు. ఇంగ్లండు అతిథికి ఇంగ్లండు ఖర్చు పెట్టుకోవాలి గానీ ఓటు లేని, నోరు లేని ప్రజల మీద ఎలా రుద్దుతారని ఆయన అభ్యంతరం. ఆయన వెంట నిలిచినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గవాళ్ళు. ఆ తర్వాత అబిసీనియా దండయాత్ర వచ్చింది. వెళ్ళిన ఇండియా సైనికుల మామూలు జీతాలు ఇండియాయే భరించాలన్నారు. మళ్ళీ ఆయనే ఎదిరించారు. 1875లో వేల్స్ యువరాజు ఇండియా యాత్రకు బయల్దేరినప్పుడు, ఆ ఖర్చులో ఏ భాగమూ ఇండియా మీద వేయొద్దని సవరణ పెట్టారు. ఓడిపోయారు. ఓడిపోతానని తెలిసే పెట్టారు.

ఆ రోజుల్లో ఇండియా బడ్జెట్ పార్లమెంటుకు ఎప్పుడు వచ్చేదో కూడా చెప్పుకోవాలి. సమావేశాల చివరి రోజుల్లో, సభ్యులు ఊళ్ళకు వెళ్ళిపోయాక, ఖాళీ బల్లల ముందు దాన్ని చదివేవారు. ఇరవై కోట్ల మంది ఆదాయ వ్యయాలు ఆవలింతల మధ్య ఆమోదం పొందేవి. ఫాసెట్ ఆ లెక్కల్ని ముందే చదివించుకుని, సైన్యం ఖర్చెంత, వడ్డీ ఎంత, లండన్‌లో జరిగే ఖర్చు ఎంత అని విడదీసి, అంకెలన్నీ తలలో పెట్టుకుని సభకు వెళ్ళేవారు. చేతిలో కాగితం లేకుండా ఇండియా ఆర్థికం మీద గంటల తరబడి మాట్లాడేవారు. 1871 నుంచి 1874 దాకా నడిచిన ఇండియా ఆర్థిక విచారణ సంఘంలో సభ్యుడిగా కూర్చుని అధికారుల్ని ప్రశ్నలతో నిలదీశారు. దాదాభాయ్ నౌరోజీ 1873లో ఇండియా పేదరికం గురించి సాక్ష్యమిచ్చింది ఆ సంఘం ముందే. బ్రిటిష్ సభలో జనం ఆయన్ను ఇండియా తరఫు ఎంపీ అని పిలవడం మొదలుపెట్టారు. 1874లో బ్రైటన్‌లో ఓడిపోతే, మళ్ళీ పోటీ చేయడానికి ఇండియాలో చందాలు పోగుచేసి పంపారు. ఆ ఏడాదే లండన్ హాక్నీ నుంచి గెలిచి చనిపోయే దాకా అక్కడి ఎంపీగా ఉన్నారు. తమకు ఓటు లేని సభలో తమ కోసం మాట్లాడిన మనిషిని నిలబెట్టడానికి మన దేశం నుంచి రూపాయలు వెళ్ళాయి. ఇది పాఠ్యపుస్తకంలో ఉండాల్సిన సంగతి కాదా?

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో ధాత కరువు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఎముకల దిబ్బలయ్యాయి. ఆ కరువు నుంచి జనం ఇంకా ఊపిరి తీసుకోక ముందే 1878 నవంబరులో వైస్రాయ్ లిట్టన్ అఫ్ఘానిస్తాన్ మీదికి సైన్యాన్ని పంపాడు. ఆ యుద్ధం ఖర్చు ఇండియా ఖజానా నుంచి తీయడానికి డిసెంబరులో పార్లమెంటు అనుమతి అడిగారు. దాన్ని వ్యతిరేకిస్తూ సవరణ ప్రతిపాదించింది ఫాసెట్. బ్రిటన్ విదేశాంగ విధానం కోసం జరిగే యుద్ధమిది, బ్రిటన్ పన్నుదారుడే కట్టాలన్నది ఆయన మాట. ఆ సవరణా ఓడింది. కానీ ఆయన ఆ వాదనను వదల్లేదు. 1880 ప్రభుత్వం వచ్చాక ఆ యుద్ధపు ఖర్చులో 50 లక్షల పౌండ్లు బ్రిటిష్ ఖజానా నుంచి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఒక్క ఫాసెట్ వల్లే ఇది జరిగిందని నేననను. కానీ ఖాళీ బల్లల ముందు పన్నెండేళ్ళు అదే మాట అంటూ వచ్చిన మనిషి లేకపోతే ఆ లెక్క ఎవరికి గుర్తుండేది?

కొందరు ఇక్కడ ఇంకో మాట తెస్తారు. చూపు పోతే దేవుడు జ్ఞాపకశక్తి ఇస్తాడు, అందుకే అన్ని అంకెలు గుర్తున్నాయని. ఈ మాట కూడా పొగడ్తలాగే వినపడుతుంది. ఫాసెట్ కళ్ళు పోకముందే కేంబ్రిడ్జి గణితంలో ఏడోవాడు. కళ్ళు పోయాక ప్రతి అంకెనూ ఒకరి చేత చదివించుకుని, మళ్ళీ చదివించుకుని, పేర్చుకుని గుర్తుపెట్టుకున్నారు. అది పని. రోజూ చేసిన, విసుగు పుట్టించే, వేళ్ళు నొప్పెట్టని తల నొప్పెట్టే పని. దాన్ని దైవమిచ్చిన వరమంటే ఆ కూలి ఎగ్గొట్టినట్టే.

పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా ఆయన చేసింది చూడండి. 1881 జనవరి నుంచి పోస్టల్ ఆర్డర్లు వచ్చాయి. పెన్నీ పెన్నీ దాచుకునేవాళ్ళ కోసం ఒక కాగితం మీద పన్నెండు స్టాంపులు అంటిస్తే షిల్లింగుతో సేవింగ్స్ ఖాతా తెరిచే పద్ధతి పెట్టారు. 1883 ఆగస్టు 1న పార్సెల్ తపాలా మొదలైంది. ఆడవాళ్ళను పోటీ పరీక్ష ద్వారా గుమస్తాలుగా తీసుకున్నారు, ఉద్యోగినుల కోసం ఒక మహిళా వైద్యురాలిని నియమించారు. వీటిని చూసి ‘చూపు లేకపోయినా ఎంత చేశాడు’ అనడం నాకు నచ్చదు. చూపున్న పోస్ట్‌మాస్టర్లు చాలామంది ఇంత చేయలేదు. పోలిక పెట్టాలంటే ఆ పదవిలో కూర్చున్న మిగతావాళ్ళతో పెట్టాలి.

ఇంకో పని కూడా చేయాలి, దానికి మన భక్తులు సిద్ధంగా లేరు. ఫాసెట్‌తో తగాదా పడాలి. ఆయన స్వేచ్ఛా వ్యాపార సిద్ధాంతానికి గట్టిగా కట్టుబడ్డ మనిషి. ఫ్యాక్టరీల్లో పెద్దవయసు ఆడవాళ్ళ పనిగంటలకు చట్టం పరిమితి పెడుతుంటే వ్యతిరేకించారు. మగవాళ్ళకు లేని పరిమితి ఆడవాళ్ళకు పెడితే వాళ్ళ ఉద్యోగాలు పోతాయన్నది ఆయన తర్కం. మిల్లులో పన్నెండు గంటలు నిలబడ్డ ఆడమనిషికి ఆ తర్కం ఏ ఊరటా ఇవ్వదు. ఆయన అక్కడ తప్పని నా అభిప్రాయం. ఇండియా విషయంలోనూ ఆయన అడిగింది చవకైన, నిజాయితీ గల పాలన. ఆ పాలన పరాయిదన్న ప్రశ్న ఆయన లేవనెత్తలేదు. నౌరోజీ ఆ ప్రశ్న దగ్గరికి వెళ్ళారు, ఫాసెట్ వెళ్ళలేదు. ఇలా మాట్లాడితే ‘పాపం, కళ్ళు లేని మనిషిని ఎందుకు అంటారు’ అని ఎవరైనా నొచ్చుకుంటే, ఆ నొచ్చుకోవడంలోనే ఆయన్ను సాటి రాజకీయ నాయకుడిగా ఒప్పుకోని గుణముంది.

బ్లంకెట్ విషయంలో బ్రిటన్ ఈ మెట్టు ఎక్కింది. షెఫీల్డ్‌లో పేద ఇంట పుట్టి, పన్నెండేళ్ళ వయసులో తండ్రిని ఫ్యాక్టరీ ప్రమాదంలో పోగొట్టుకుని, సాయంకాలం తరగతుల్లో చదువుకుని, 22 ఏళ్ళకే నగర మండలి సభ్యుడై, 1980లో దానికి నాయకుడైన మనిషి ఆయన. మన కథకు కావాల్సినవన్నీ ఉన్నాయి. కానీ హోమ్ మంత్రిగా ఆయన తెచ్చిన 2001 ఉగ్రవాద వ్యతిరేక చట్టం విదేశీయుల్ని విచారణ లేకుండా ఎంతకాలమైనా నిర్బంధించనిచ్చింది. పౌరహక్కుల వాళ్ళు ఆయన్ను వదల్లేదు. 2004 డిసెంబరు 16న ఆ నిర్బంధం మానవహక్కులకు విరుద్ధమని ఆ దేశపు ఉన్నత న్యాయమూర్తులు తేల్చారు. ఆయన అంతకు ముందు రోజే, ఒక వీసా వ్యవహారంలో వచ్చిన ఆరోపణల వల్ల రాజీనామా చేశారు. ఆయన్ను తిట్టినవాళ్ళు ఆయన చట్టాన్ని తిట్టారు, మెచ్చినవాళ్ళు బడుల మీద ఆయన చేసిన పనిని మెచ్చారు. రాజకీయ నాయకుడికి దక్కాల్సినదీ ఇదే.

మన దేశంలోనూ ఇలాంటి ఉదాహరణలున్నాయి, మనం గుర్తుంచుకోలేదు. 1953లో శ్యామాప్రసాద్ ముఖర్జీ చనిపోయాక కలకత్తాలో జరిగిన ఉప ఎన్నికలో కమ్యూనిస్టు అభ్యర్థి సాధన్ గుప్తా గెలిచారు. పసితనంలో మశూచి ఆయన చూపు తీసుకుపోయింది. ట్రామ్ చార్జీ ఒక్క పైసా పెంచినందుకు కలకత్తా భగ్గుమన్న ఏడాది అది. ఆ నగరం ఆయనకు వేసింది జాలి ఓటని ఎవరంటారు? ఆయన 1957లో మళ్ళీ గెలిచారు, 1986లో పశ్చిమ బెంగాల్ అడ్వకేట్ జనరల్ అయ్యారు. మధ్యప్రదేశ్‌లో సోషలిస్టు యమునా ప్రసాద్ శాస్త్రి 1977లో రీవా మహారాజునే ఓడించి లోక్‌సభకు వెళ్ళారు, 1989లో మళ్ళీ వెళ్ళారు. చూపు లేని ఆ మనిషిని గెలిపించినవాళ్ళు ఊళ్ళలో పొలం పని చేసుకునే మామూలు ఓటర్లు. ఓటరుకు లేని అనుమానం పాలకులకు ఎందుకుంటుంది?

ఉందనడానికి సాక్ష్యం అదే మధ్యప్రదేశ్‌లో దొరుకుతుంది. చూపు లేనివాళ్ళు న్యాయాధికారి పోస్టులకు పనికిరారని అక్కడి నియమం ఈమధ్య దాకా ఉంది. 2025 మార్చి 3న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ‘సంకల్పముంటే ఏదైనా సాధ్యం’ అని సభల్లో చప్పట్లు కొట్టే సమాజమే ‘కొన్ని పనులకు కళ్ళు ఉండి తీరాలి’ అని నియమాలు రాస్తుంది. మొదటి మాట చూపు లేనివాణ్ణి మనిషి కంటే పైకి ఎత్తుతుంది, రెండోది మనిషి కంటే కిందికి దించుతుంది. మామూలు మనిషిగా, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకునే పని రెండూ తప్పించుకుంటాయి.

తెలుగు నేల మీద ఒక మంచి పని జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. ఓటింగ్ యంత్రం మీద బ్రెయిలీ అంకెలు పెట్టి మొదట పరీక్షించింది 2004లో, హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. 2009 సార్వత్రిక ఎన్నికలకు అది దేశమంతా వచ్చింది. అంతకు ముందు చూపు లేని ఓటరు తోడు మనిషిని వెంటబెట్టుకు వెళ్ళాలి, ఎవరికి వేసిందీ ఆ మనిషికి తెలిసిపోతుంది. ఇప్పటికీ తోడు తీసుకెళ్ళే నియమం ఉంది, అది ఓటరు ఇష్టం. కానీ వేలితో తడిమి తనంతట తాను, ఎవరికీ తెలియకుండా ఓటు వేసే వీలు ఒక చిన్న ఏర్పాటుతో వచ్చింది. దానికి సంకల్పం పెంచే ఉపన్యాసాలు అక్కర్లేకపోయాయి.

ఓటరు సంగతి అంతవరకు వచ్చింది. నాయకుడు కావాలనుకునేవాడి సంగతి ఏమిటి? ఇవాళ చూపు లేని యువకుడికి ఫాసెట్‌లా చదివిపెట్టే మనిషిని జీతానికి పెట్టుకోనక్కర్లేదు. ఫోనే చదువుతుంది, కంప్యూటరే చదువుతుంది. కానీ చదవడానికి అక్షరాలుండాలి కదా. మన ప్రభుత్వ ఉత్తర్వులు ఎన్నో సంతకం పెట్టిన కాగితాన్ని ఫొటో తీసి పెట్టినవే. ఆ యంత్రానికి అది బొమ్మ. తెలుగులో టైపు చేసినవి పాత ‘అను’ ఫాంటు అక్షరాల్లో ఉంటే వాటిని పైకి చదివించగానే అర్థంలేని శబ్దాలు వస్తాయి. ఓటర్ల జాబితాలు కూడా బొమ్మల రూపంలోనే ప్రజలకు పెడుతున్నారు. వార్డు సభ్యుడిగా నిలబడాలనుకునేవాడు తన వార్డు జాబితా తాను చదవలేడు. మున్సిపల్ బడ్జెట్ మీద ప్రశ్న అడగాలనుకునేవాడికి ఆ బడ్జెట్ ఇంకొకరు చదివితే తప్ప అందదు. 1880లో ఫాసెట్‌ను క్యాబినెట్ తలుపు దగ్గర ఆపిన కాగితమే ఇది. అప్పుడు రహస్యం పేరు చెప్పారు, ఇప్పుడు ఏ పేరూ చెప్పరు. ఎవరికీ తట్టలేదు, అంతే. యూనికోడ్‌లో టైపు చేసి పెట్టడానికి ప్రత్యేక నిధులు కూడా అక్కర్లేదు.

ఇంత చెప్పాక ఒక మిత్రుడు తప్పక అడుగుతాడు: పిల్లలకు స్ఫూర్తి వద్దా, ఈ కథలు విని పది మంది ధైర్యం తెచ్చుకుంటే నష్టమేమిటని. మంచి ప్రశ్నే. చూపు లేని పిల్లకు నేనైతే ఫాసెట్ కథ తప్పకుండా చెబుతాను. తుపాకి గుళ్ళ దగ్గర రెండు వాక్యాలు చాలు. సుల్తాను విందు ఎవరి డబ్బుతో జరిగిందో చెబుతాను. ఖాళీ సభలో ఇండియా లెక్కలు ఎలా విప్పారో చెబుతాను. ఆ లెక్కలు ఎవరెవరు చదివిపెట్టారో, క్యాబినెట్‌లోకి ఎందుకు రానివ్వలేదో చెబుతాను. ఆడవాళ్ళ పనిగంటల మీద ఆయన ఎందుకు పొరపడ్డారో ఆ పిల్లతోనే వాదించి చూస్తాను. ఆ పిల్ల పంచాయతీ లెక్కలు అడిగే మనిషి కావాలని నా కోరిక. ఎవరి కళ్ళలోనో నీళ్ళు తెప్పించే ఉదాహరణ కావడం ఆమె పని కాదు.

తమిళనాడు 2025లో స్థానిక సంస్థల్లో వికలాంగుల్ని సభ్యులుగా నామినేట్ చేసేలా చట్టాలు సవరించుకుంది. ఛత్తీస్‌గఢ్ పంచాయతీల్లో అంతకు ముందే అలాంటి ఏర్పాటు ఉంది. నామినేట్ అయిన సభ్యుడికి గెలిచిన సభ్యుడంత బలం ఉండదని నాకు తెలుసు. అధికారంలో ఉన్న పార్టీ తన మనుషుల్నే కూర్చోబెడుతుందన్న భయమూ న్యాయమైనదే. అయినా కుర్చీ ఉంటే ఆ కుర్చీ ముందుకు కాగితాలు రావాలి, వచ్చిన కాగితం చదవడానికి వీలుగా ఉండాలన్న డిమాండ్ ఆ కుర్చీలోంచే పుడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఆ దారిలోనైనా నడవాలి. దాంతో పాటు గ్రామ పంచాయతీ నుంచి శాసనసభ దాకా ప్రతి బడ్జెట్‌నూ, ప్రతి ఉత్తర్వునూ, ప్రతి ఓటరు జాబితానూ యంత్రం చదవగల అక్షరాల్లో ఇవ్వాలని నియమం పెట్టాలి.